అంజమ్మ ప్రస్థానం సంచి

మా పని చచ్చిపోయిందని ఈమధ్య నా మొహం మీదే అంటున్నారు. ఫోనులో నాలుగు నొక్కులు నొక్కితే విమానం టికెట్టు, హోటలు గది, తిప్పే కారు అన్నీ వచ్చేస్తుంటే మస్తాన్ వలి ఆఫీసుకు ఎవడొస్తాడని ఎగతాళి. ఆఫీసు మూసేసిన మాట నిజమే. నా మోకాళ్లు చచ్చిపోయి మూశాను గానీ పని చచ్చిపోయి కాదు. ఈ తేడా తెలియనివాడితో నాకు మాటలు అనవసరం.

నరసరావుపేటలో ఆ ఆఫీసు పెట్టి పల్నాడు జనాన్ని దేశదేశాలకు పంపించాను. ఎక్కువగా నా దగ్గరికి వచ్చింది అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని విదేశం చూసి రావాలనుకునే పిల్లలే. ఉద్యోగం వచ్చిన కొడుకులు, టీచరమ్మలైన కూతుళ్లు, నర్సులు. ఇలాంటి ప్రయాణాలు కుదర్చడం అన్నిటికంటే కష్టం. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. టికెట్లు ఎలా కొనాలో ఇందులో ఉండదు. అది మీ ఫోను నాకంటే బాగా చెబుతుంది.

మా బాసు చెప్పిన పాఠం

నేను పని నేర్చుకున్నది హైదరాబాదులో ఒక టూర్ల ఆఫీసులో. దాని యజమానిని అందరూ రావుగారు అనేవాళ్లు. తెలివైనవాడు, కష్టపడేవాడు, మనిషి మాత్రం రాయి. మొదటి వారమే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: "మస్తానూ, పిల్లలు అమ్మానాన్నల్ని తీసుకొచ్చారనుకో, కస్టమరు పిల్లలు. పెద్దవాళ్లు లగేజీ. లగేజీ చిరగకుండా వెనక్కి చేరితే చాలు."

ఆ మాట నాకు ఆరోజే నచ్చలేదు. పొట్టకూటికి వచ్చినవాడిని, నోరు మూసుకున్నాను.

ఒకసారి రెంటచింతల నుంచి ఒక గుంపును జెరూసలేం తీసుకెళ్లాను. అందులో మరియమ్మ అని పెద్దావిడ, కొడుకూ కోడలితో వచ్చింది. పాత ఊరి రాతి సందులో నడుస్తూ నడుస్తూ ఒక మెట్టు మీద చతికిలబడింది. గైడు విసుక్కున్నాడు. నేను రావుగారికి ఫోను చేశాను. "ఆవిణ్ణి హోటల్లో పడేసి మిగతావాళ్లని తిప్పు" అన్నాడు. నా ఫోనులో అవతలి గొంతు బయటికే వినపడేది, ఆ మాట అందరి చెవినా పడింది.

మరియమ్మ తల ఎత్తి నన్ను చూసింది. "అయ్యా, నేను రెంటచింతల ఎండలో పుట్టి పెరిగిందాన్ని. నడవలేక కూర్చోలా. ఇక్కడ కాసేపు కూర్చోవాలనిపించి కూర్చున్నా. ఇంత దూరం వచ్చి కూర్చోకూడదా?"

నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. కాసేపటికి గుంపంతా కూర్చుంది. ఆ పూట చూడాల్సినవి రెండు తప్పిపోయాయి. ఒక్కరు కూడా గొణగలేదు. తిరిగొచ్చాక రావుగారు నన్ను తీసేశాడు, నేను సంతోషంగా ఇంటికొచ్చి నరసరావుపేటలో సొంతంగా బోర్డు పెట్టుకున్నాను. మరియమ్మ కూర్చున్న మెట్టుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటే నియమం. వెళ్లే మనిషిని అడగకుండా ఊరు ఖాయం చేయను. పిల్లలు వచ్చి "మా అమ్మకి గుళ్లు ఇష్టం బాబాయ్, మా నాన్న ఏదైనా చూస్తాడు" అంటే, వాళ్లనే తీసుకురమ్మని వెనక్కి పంపేవాణ్ణి. ఇందువల్ల పోయిన బేరాలు పోయాయి. పోనీండి.

రమణ, వాళ్ల అమ్మానాన్న

రమణ నరసరావుపేటలో హైస్కూలు టీచరు. సొంతూరు కారంపూడి. వేసవి సెలవుల్లో అమ్మానాన్నలతో సింగపూర్ వెళ్లాలని వచ్చింది. గుడి, పూలతోట, చేపల మ్యూజియం, అన్నీ వరసగా రాసుకొచ్చింది. పంతులమ్మ కదా, టైంటేబుల్ లేకుండా ఏ పనీ చేయదు.

"ముందు మీవాళ్లని తీసుకురామ్మా" అన్నాను.

"వాళ్లకేం తెలుసు బాబాయ్?"

"అందుకేగా అడగాల్సింది!"

మరుసటి వారం ముగ్గురూ వచ్చారు. నాన్న కోటయ్య ఎర్రబస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. మాచర్ల రూట్లో ఆయన బస్సు ఎక్కని మనిషి ఆ చుట్టుపక్కల లేడు, నేనూ ఎక్కాను. ఏం చూడాలని ఉందని అడిగితే మీసం సవరించుకున్నాడు.

"మస్తానూ, అక్కడ డ్రైవరు లేకుండా రైలు నడిచిద్దంటగా? నేను నమ్మను. ముందు సీట్లో కూర్చుని నా కళ్లతో చూడాల."

"నాన్నా, రైలు చూడటానికి సింగపూర్ పోతామా?" అని రమణ తల పట్టుకుంది.

"మరి నువ్వు చేపలు చూడటానికి పోతన్నావుగా, మన సాగర్లో లేవా?"

నేను నవ్వి అంజమ్మ వైపు తిరిగాను. రమణ "అమ్మకి గుడి" అని మొదలుపెట్టేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గుళ్లు మనకి తక్కువయ్యాయా ఏందే? నాకు గుడి వద్దు." తర్వాత నన్ను చూసి చెప్పింది. "అన్నా, మా వీధిలో గడప దాటితే చాలు, ఎక్కడికి పిన్నీ, ఎందుకు వదినా, ఏం కొన్నావ్ అక్కా అంటారు. కాపరానికొచ్చిన కాడి నుంచి నేను ఎవురికీ జవాబు చెప్పకుండా ఒక్క వీధి నడవలా. నన్ను ఎవురూ ఎరగని ఊళ్లో, ఒక రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఊరికే నడవాల. అంతే."

రమణ ముఖం చిన్నబోయింది. అమ్మ మనసులో ఇది ఉందని ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు. నేను ఎన్ని దేశాలకు ఎంతమందిని పంపానో గానీ, ఇంత మంచి కారణం ఎవరూ చెప్పలేదు. ఆ పూటే హోటలు మార్చాను. చెట్ల నీడ, వెడల్పు ఫుట్‌పాత్, నడిచేదారిలో బాత్రూములు ఉన్న వీధి చూసి గది తీసుకున్నాను. పిల్లలూ, ఇది రాసుకోండి: పెద్దవాళ్ల ప్రయాణంలో ముందు బాత్రూము, తర్వాత పెరుగన్నం, ఆ తర్వాతే టవర్లూ తోటలూ.

ప్రస్థానం

మా ఇళ్లలో దూరం పోయేవాళ్ల జబ్బకు ఇమామ్ జామిన్ అని నాణెం చుట్టిన గుడ్డ కడతారు, క్షేమంగా తిరిగి రమ్మని. హిందువుల ఇళ్లలో ప్రస్థానం పెడతారు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. బయలుదేరాల్సిన రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి రోజున సామానులో ఒక సంచి తీసుకెళ్లి వేరే వాళ్లింట్లో పెడతారు. ఆ క్షణం నుంచి ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ సంచిని మళ్లీ సొంతింటికి తేకూడదు. వెళ్లే రోజున దారిలో అందుకుని అటునుంచి అటే పోవాలి.

నవ్వకండి. చదువుకున్న కుర్ర ఏజెంట్లు ఇలాంటివి వింటే పళ్లికిలిస్తారు. ప్రయాణమంటే భయంలేని ఇల్లు నేను చూడలేదు, మా ఇల్లు కూడా.

వీళ్ల విమానం మంగళవారం హైదరాబాదు నుంచి. మంగళవారం ఉత్తర దిక్కుకి శూల, అటు బయలుదేరకూడదు అన్నాడు వాళ్ల పంతులు. అందుకని ఆదివారం పొద్దున్నే అంజమ్మ ప్రస్థానం పెట్టేసింది. వీధిలో ఉత్తరం చివర ఇల్లు కోటయ్య అన్న వీరయ్యది. ఆయన భార్య సీతమ్మ, అంజమ్మకు తోడికోడలు, "మా ఇంట్లో పెట్టుకోవే" అని తనే సంచి అందుకుని లోపలి గదిలో పెట్టింది. ఇంతవరకు అంతా బాగుంది.

పెద్దవాళ్లున్న ప్రయాణమైతే కారు వెంట నేనే వెళ్లేవాణ్ణి. చక్రం తిరగకముందు పాస్‌పోర్టులు నా కళ్లతో చూడాలి, అది నా పద్ధతి. మంగళవారం పొద్దున కారంపూడి చేరి, "పాస్‌పోర్టులు చూపించమ్మా" అన్నాను.

"అమ్మ దగ్గరున్నాయి బాబాయ్" అంది రమణ.

"ప్రస్థానం సంచిలో పెట్టా" అంది అంజమ్మ, తాపీగా.

"ఏందమ్మా ఇది! సంచిలో ఏ చీరో పెడతారుగానీ పాస్‌పోర్టులు పెడతారా?"

"చీర లేకపోతే ప్రయాణం ఆగిద్దా అన్నా? ఏది లేకపోతే ప్రయాణం ఆగిద్దో అదేగా పెట్టాల్సింది!"

ఆలోచిస్తే ఆమె మాటలో తప్పేమీ లేదు. అసలు చిక్కు వీరయ్యతో వచ్చింది.

వీరయ్య వరండాలో

వీరయ్య పెద్ద రైతు. ఊళ్లో ఏ పంచాయితీ అయినా ఆయన కుర్చీ లేకుండా జరగదు. తమ్ముడు సింగపూర్ పోతున్న సంగతి ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెబితే వద్దంటాడని కోటయ్య భయం. సోమవారం టీకొట్టు దగ్గర ఎవడో "ఏం పెద్దయ్యా, తమ్ముడు విమానమెక్కుతున్నాడంటగా" అని అడిగాడట. అప్పుడు తెలిసింది ఆయనకు.

మేము వెళ్లేసరికి వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. రమణ వెళ్లి "పెదనాన్నా, అమ్మ సంచి" అంది.

ఆయన పేపరు దించలేదు. "మంగళారం పూట మా ఇంట్లోంచి వస్తువు బయటికి పోదు. రేపు రండి."

"విమానం ఇయ్యాల పెదనాన్నా!"

"విమానమైతే ఏంది, బస్సైతే ఏంది? మీ నాన్న బస్సు ఎవురికోసమూ ఆగలేదా ఎప్పుడూ?"

మంగళ, శుక్రవారాల్లో ఇంటి వస్తువు బయటికి ఇస్తే లక్ష్మి పోతుందని చానా ఇళ్లలో అనుకుంటారు. ఒక ఆనవాయితీ మీద ఇంకో ఆనవాయితీని తెచ్చి పెట్టాడు పెద్దమనిషి. నేను కోటయ్య వైపు చూశాను. నిండు బస్సును ఒక్క కేకతో సర్దుబాటు చేసే మనిషి, అన్న ముందు హారన్ ఊడిన బండిలా నిలబడ్డాడు.

"వీరయ్యగారూ, టైం దాటితే విమానం దొరకదు" అన్నాను నేను.

"సాయిబూ, నువ్వు టికెట్లు అమ్ముకో. మా ఇంటి సంగతులు నీకెందుకు?" అని నన్ను తోసిపారేసి తమ్ముడి వైపు తిరిగాడు. "ఒరేయ్ కోటిగా, టీకొట్టు కాడ పరాయోడు చెబితే తెలుసుకోవాల్నా నేను? ఈ వయసులో విదేశాలేందిరా? కాశీ పోతానంటే నేనే దగ్గరుండి బండెక్కించేవాణ్ణి కదరా. అన్న అనేవాడు చచ్చాడనుకున్నావా?"

నొచ్చుకున్నాడు పాపం. కానీ నొచ్చుకున్నవాడికి పక్కవాళ్ల దారి మూసే హక్కు ఎవరిచ్చారు? నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయాను.

అంజమ్మ అప్పటిదాకా గేటు దగ్గరే ఉంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆమె బావగారి ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. ఏదన్నా చెప్పాలంటే "మీ పెదనాన్నకి చెప్పవే" అని కూతురితోనే చెప్పించేది. అలాంటి మనిషి చెప్పులు విడిచి, మెట్లెక్కి, ఆయన కుర్చీకి ఎదురుగా నిలబడింది. రమణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బావగారూ, నేను ఊళ్లో లేను."

వీరయ్య పేపరు దించాడు. "ఏంది?"

"ఆదివారం పొద్దున్నే బయలుదేరా. నా ప్రస్థానం మీ ఇంట్లో ఉందంటే నేను దారిలో ఉన్నట్టే. పోబాకని ఇంట్లో ఉన్న మనిషికి చెబుతారు, బయలుదేరిన మనిషికి చెబుతారా? దారిలో ఉన్నదాన్ని గదిలో పెట్టి తాళమేస్తారా?"

"అది కాదమ్మా, మంగళారం..."

"మంగళారం మీ ఇంటి వస్తువుకి. అది మీ వస్తువు కాదు, మీ లచ్చిమీ కాదు. నా ప్రయాణం. మీకు చెప్పకపోవటం మీ తమ్ముడి తప్పు, వచ్చాక ఎన్ని తిట్లన్నా తిట్టుకోండి. నా ప్రయాణాన్ని మాత్రం నాకియ్యండి."

వీధిలో ఆగిపోయినవాళ్లు ఆగిపోయినట్టే ఉన్నారు. వీరయ్య చేతిలో పేపరు గాలికి కొట్టుకుంటోంది. అప్పుడు పక్క తలుపు తీసుకుని సీతమ్మ బయటికి వచ్చింది, సంచి చేతిలో ఉంది. మొగుడి వైపు చూడకుండా వచ్చి అంజమ్మ చేతికిచ్చింది.

"నా చేత్తో తీసుకున్నా, నా చేత్తో ఇస్తన్నా. పోయిరా" అంది.

మేము వెంటనే కారెక్కాం. సాగర్ దాటాక కోటయ్య భార్య వైపు తిరిగి, "అంత మాటన్నావేందే మా అన్నని" అన్నాడు. "నువ్వు అనలేదని" అంది అంజమ్మ.

సంచిలో చీర

విమానాశ్రయం బయట పాస్‌పోర్టుల కోసం సంచి తెరిచాం. పాస్‌పోర్టులు భద్రంగా ఉన్నాయి, మూలలకు పసుపు బొట్లతో సహా. వాటి కింద మడత పెట్టిన ఒక ఆకుపచ్చ చీర.

"ఇది నాది కాదు" అంది అంజమ్మ. చేత్తో తడిమి చూసింది. "అక్క చీర."

"పొరపాటున పెట్టిందేమో పెద్దమ్మ" అంది రమణ.

"పొరపాటున చీర దానంతటది సంచిలోకి ఎక్కిద్దా ఏందే? అక్క ప్రస్థానం పెట్టిందే, నా సంచిలోనే!" అంజమ్మ అక్కడే, ఆ జనం మధ్యే, చీర గుండెలకు హత్తుకుని ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి, ఎందుకు దాచాలి?

వెళ్లొచ్చాక రమణ అన్నీ చెప్పింది. కోటయ్య డ్రైవరు లేని రైల్లో ముందు సీట్లో కూర్చున్నాడట. స్టేషను వచ్చినప్పుడల్లా ఆయన కాలు దానంతటదే బ్రేకు తొక్కేదట. దిగి, "బాగానే తోలాడు, ఎవుడోగానీ" అన్నాడట. అంజమ్మ రోజూ పొద్దున్నే ఒక్కతే ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. ఎక్కడికని అడిగినవాళ్లు లేరు. మొదటిరోజు రమణ చాటుగా వెంట వెళ్లిందట, రెండోరోజు నుంచి ఆ పనీ మానేసిందట. గుడికి వెళ్లనేలేదు.

ఇక్కడితో అయిపోయేదే. కానీ అంజమ్మ ఆ చీర తిరిగి ఇవ్వలేదు. తన ఇంట్లోనే, దేవుడి గూటి పక్కన పెట్టుకుంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు వీరయ్య నా ఆఫీసు మెట్లెక్కాడు. కుర్చీ చూపించాను. ఫ్యాను వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"సాయిబూ, మా ఇంటిదాని చీర ఒకటి మా తమ్ముడింట్లో ఉండిపోయింది."

"తెచ్చుకోండి మరి."

"ఇవ్వట్లా. అక్క బయలుదేరింది, పోయొచ్చిందాకా చీర మీ గడప తొక్కకూడదంటంది మా మరదలు. ప్రస్థానం ఇన్నాళ్లు చెల్లదని పంతులు చేత కూడా చెప్పించా. చెల్లదనుకుంటే పట్టుకెళ్లండి బావగారూ, ఏదన్నా జరిగితే పూచీ మీదే అంది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "వీధి వీధంతా అడుగుతున్నారయ్యా. పెద్దమ్మ బయలుదేరిందంటగా, ఎప్పుడు పోయిద్ది, ఎక్కడికి పోయిద్ది అని. నేనేం చెప్పాల? ఏదో ఒక ఊరికి టికెట్టు చూడు. కాశీ అయినా సరే."

"వెళ్లే మనిషిని అడగకుండా నేను ఊరు ఖాయం చేయను వీరయ్యగారూ. ఆమెను తీసుకురండి."

ఆయన ముఖం ఎర్రబడింది. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లాడు, వారం తిరక్కుండా సీతమ్మతో వచ్చాడు.

"ఎక్కడికి పోవాలమ్మా?" అని అడిగాను. ఆమె మొగుడి వైపు చూసింది. నేను ఆయన వైపు చూడకుండా ఆమె కోసమే ఆగాను. పిల్లలూ, ఇలా ఆగడమే మన పని, ఇది ఫోను చేయదు.

"అంజమ్మ నడిచిన వీధికే" అంది చివరికి.

"ఎవరితో?"

"అంజమ్మతో. రమణ తోడొస్తానంది."

వీరయ్య కుర్చీలో కదిలాడు. "మరి నేనో?" అన్నాడు. పంచాయితీలు చేసే గొంతు కాదది.

సీతమ్మ నాతోనే చెప్పింది. "ముందు ఆయన సంచి గడప దాటాలగా మస్తాన్ అన్నా. దాటాక చూద్దాం."

నేను చివరగా కుదిర్చిన ప్రయాణం అదే. పాస్‌పోర్టు కాగితాల మీద సీతమ్మ సంతకాల కోసం ఒక ఆదివారం పొద్దున కారంపూడి వెళ్లి, ముందు కోటయ్య ఇంట్లో కూర్చున్నాను. వీధిలోంచి వీరయ్య వచ్చాడు. నలుగురూ చూస్తుండగా, చంకలో ఒక గుడ్డ సంచి. గడప బయటే ఆగాడు.

"ఒరేయ్ కోటిగా, ఇది మీ ఇంట్లో పెట్టనిస్తావంట్రా?"

కోటయ్య లేచాడు. అన్న కళ్లలోకి సూటిగా చూశాడు. రెండు చేతులా సంచి అందుకున్నాడు.

"పెట్టు అన్నా" అన్నాడు. "మా ఇంట్లో మంగళారమైనా ఇస్తాం."